సుక్కి పేరున ఎనిమిది గదులు

రెండో పూట కూడా కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

పైడమ్మ ఆ కంచం ఎత్తలేదు. ఎత్తితే భర్త తిననట్టు ఖాయమైపోతుందని భయం. ఎత్తకపోతే ఇంకా తింటాడేమోనన్న ఆశ ఒకటి మిగులుతుంది. పప్పు మీద తొరక కట్టింది. ఆ తొరక మీద కొండ మీది ఎర్రదుమ్ము సన్నగా వాలుతోంది. ఎన్ని కిటికీలు బిగించినా ఈ ఇనుప గనుల కిరందుల్‌లో దుమ్ముకు దారి దొరుకుతూనే ఉంటుంది.

సత్యమూర్తి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చిన్నా బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వాడి షిఫ్టుకు ఇంకా గంటన్నర టైముంది. తండ్రీకొడుకుల మధ్య, టీవీ బల్ల మీద, ఆ కాయితం ఉంది. గాలికి ఎగరకుండా దాని మీద స్టీలు గ్లాసు బోర్లించింది పైడమ్మే.

శుక్రవారం నుంచి ఆ గ్లాసును ఎవరూ కదపలేదు. తండ్రి చొక్కా ఉతుక్కి వేయబోతూ దాని జేబులోంచి చిన్నా తీసిన కాయితం అది. బస్తీలో తాము కొనుక్కున్నామనుకున్న ఎనిమిది కిరాయి గదుల లైను తాలూకు రిజిస్ట్రీ. కొన్నవారి పేరు దగ్గర సత్యమూర్తి లేడు, పైడమ్మ లేదు. సుక్కి ఉంది. సుక్కి ఫోటో ఉంది. ఫోటో కింద సుక్కి బొటనవేలి ముద్ర ఉంది.

సుక్కి అంటే ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో అంట్లు తోముతున్న సుక్కి. చిన్నాకు లాల పోసి, సాంబ్రాణి పొగ వేసి, నడక నేర్పిన సుక్కి.

"నాన్నా, నేను అడిగేది ఒక్కటే. ఆమెకు తెలుసా?" అన్నాడు చిన్నా.

సత్యమూర్తి గోడవైపు ఇంకాస్త జరిగాడు.

ఆదివాసీ భూమిని బయటివాళ్లు కొనకూడదన్న సంగతి ఈ కాలనీలో పాలవాడికి కూడా తెలుసు. దానికి దొడ్డిదారి ఏమిటో అంతకంటే బాగా తెలుసు. నమ్మకమైన ఆదివాసీ పేరున కాయితం, కిరాయి మాత్రం మన చేతికి. ఆ లైను కట్టించిన చక్రధరరావు కూడా అంతే చేశాడు. తన దగ్గర పనిచేసిన భీమా పేరున పెట్టి, ఇరవయ్యేళ్లు హాయిగా కిరాయి తిని, రిటైరై పార్వతీపురం పోతూ సత్యమూర్తికి అమ్మేశాడు. భీమా పేరు కొట్టేసి సుక్కి పేరు రాశారు. అదంతా నాలుగు నెలల కిందటి మాట.

తప్పు భర్త ఒక్కడిదే అయితే పైడమ్మకు ఇంత గుబులు ఉండేది కాదు. ఆ రోజు సుక్కిని జీపెక్కించింది తనే. ఫోటో తీస్తారేమోనని తన ఆకుపచ్చ చీర తీసి కట్టించింది. ఆధార్ కార్డు మరచిపోతే పరుగున పోయి తెచ్చుకోమంది. ఎందుకక్కా అని సుక్కి అడిగితే, భర్త తనకు చెప్పిన మాటే చెప్పింది. సాబ్ ఇల్లు కొంటున్నారు, నువ్వు గవాహీ, సాక్షివన్నమాట, వాళ్లు అడిగినదానికల్లా హా అను, అంతే అని. సాయంత్రం సుక్కి తిరిగొచ్చాక ఆ బొటనవేలి నీలాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచింది కూడా తనే.

తెలియక చెప్పిన అబద్ధం అబద్ధం కాదంటారు. శుక్రవారం దాకా అది నిజమే. ఇవాళ మంగళవారం. తెలిసి నాలుగు రోజులైంది.

"నానేటి దొంగతనం సేసానా?" సత్యమూర్తి చివరికి నోరు విప్పాడు. "ఆగస్టు ముప్పై ఒకటికి రిటైరై ఈ క్వార్టరు తాళం ఇచ్చీయాలి. ఎక్కడికెల్తాం? ముప్పై నాలుగేళ్లు డంపర్ల కింద పడుకుని రిపేర్లు సేసి నడుం ఇరగ్గొట్టుకున్నాను. ఆ డబ్బు ఎక్కడ పెడితే నిలుస్తాదో సూసుకోవద్దా?"

చూసుకోలేదని ఎవరూ అనలేరు. అంత చూసుకున్నవాడిని పైడమ్మ తన జన్మలో చూడలేదు.

ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం సత్యమూర్తి కూరగాయల సంచి పట్టుకుని ఆ లైను ముందునుంచి నడిచాడు. గదుల ముందు చెప్పులు లెక్కపెట్టాడు. మగ చెప్పులు రెండు జతలు దాటితే మంచిది కాదట, నీళ్లు ఎక్కువ అవుతాయి. ఆడ చెప్పులుంటే కిరాయి తేదీ దాటదట. పిల్లల చెప్పులుంటే మరీ మంచిదట, బడి మధ్యలో ఎవరూ గది ఖాళీ చెయ్యరు. తీగ మీద బట్టలు ఎర్రగా ఉంటే కొండ మీద పని ఉన్నవాళ్లు. తెల్లగా ఉంటే పని పోయినవాళ్లు. వానలో వెళ్లి ఏ గది కప్పు కారుతోందో చూశాడు. ఎండలో వెళ్లి ఏ బోరు ఎండుతోందో చూశాడు. యాభై రెండు ఆదివారాల్లో ఒక్క గది ముందు కూడా చెప్పులు లేకుండా లేవు.

కొండలో ఇనుము ఉన్నంతకాలం లైనులో చెప్పులుంటాయి అనేవాడు. అది అతని మంత్రం.

ఆ మంత్రం విని పైడమ్మ ఏనాడూ ధైర్యపడలేదు. ఆమెకు చెప్పులు చూస్తే వదిలేసి పోయిన చెప్పులు గుర్తొచ్చేవి. కొండ మీద పేలుడు శబ్దం వినిపిస్తే భర్త, సెల్ మోగితే కొడుకు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె కీడు ఎంచేసరికే తెల్లారిపోయేది, మేలు దాకా వచ్చేది కాదు. ఎనిమిది గదులనగానే ఎనిమిది తాళాలు పోయినట్టు, ఎనిమిది రేకులు ఎగిరినట్టు కలలొచ్చాయి. ఇన్ని కీడులు ఎంచింది గానీ, ఇదొక్కటి ఎంచలేకపోయింది.

"నేను జగదల్‌పూర్ చూపించాను," అన్నాడు చిన్నా. "డైవర్షన్ అయిన జాగా, ఇళ్లకని మార్చింది, ఎవరైనా కొనుక్కోవచ్చు. రెండు గదులు. చెప్పానా లేదా?"

"సెప్పావు. దర రెండింతలు, కిరాయి సగం."

"పేరు మనది."

"పేరు తింటామేట్రా?"

"కిరాయి చూశావు, కప్పు చూశావు, చెప్పులు చూశావు. ఆమె మొహం ఒక్కసారి చూసి చెప్పాలనిపించలేదా నాన్నా?"

సత్యమూర్తి చెయ్యి కంచం అంచును తాకింది. కంచం ఒక జానెడు జరిగింది. అంతే. అన్నం కింద పడలేదు, ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండునని పైడమ్మకు అనిపించింది. అరుపు బయటికి పోతుంది. ఈ నిశ్శబ్దం ఇంట్లోనే తిరుగుతోంది.

అప్పుడు పెరటి తలుపు గొళ్లెం చప్పుడైంది.

*

సుక్కి శుక్రవారం పొద్దునే విత్తనాల పండగకని తర్రెం వైపు పుట్టింటికి వెళ్లింది. రాత్రి వచ్చిందట. నెత్తి మీద చింతపండు మూట, చంకలో పనసకాయ, కొంగుముడిలో ఏదో కాయితం. మూట దింపి, సాబ్‌కు దండం పెట్టి, చిన్నా బూట్లు చూసి, ఇంత పెందలాడే ఎక్కడికి అల్లుడా అని అడిగింది. వాణ్ణి చిన్నప్పటి నుంచీ అల్లుడనే పిలుస్తుంది. చిన్నా తల దించుకున్నాడు.

పైడమ్మ టీవీ బల్ల వైపు నడవబోయింది. సత్యమూర్తి అప్పటికే గ్లాసు తీసి కాయితం మడిచి లుంగీ ముడిలో దోపేశాడు.

"అక్కా, ఇది చదువు. పంచాయతీ సచివ్ ఇచ్చిండు. నాకేమో దీని ముక్కు ఏందో మూతి ఏందో ఎరుక లేదాయె," అంటూ సుక్కి కొంగుముడి విప్పింది.

పైడమ్మది ఊళ్లో ఏడో తరగతి. హిందీ అక్షరాలు చిన్నాతో పాటు వాడి ఒకటో తరగతి పుస్తకంలో నేర్చుకుంది. కూడబలుక్కుని చదివింది. సర్కారు ఇళ్ల జాబితా. సుక్కి పేరు, ఊరి పేరు, ఆధార్ చివరి నాలుగు అంకెలు. పక్కన ఒక్క మాట. అపాత్ర్.

ఆ మాట దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. హిందీలో దానికి అర్హత లేదని అర్థమని ఆమెకు తెలుసు. కానీ చెవిలో తెలుగు మోగింది. అపాత్రదానం అంటారే, ఆ మాట. తగనివాళ్లకు పెట్టింది. ఈ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఈ మనిషి పెట్టినదంతా ఎవరికి పెట్టినట్టు?

"ఇల్లు రాలేదా అక్కా?"

"రాలేదు సుక్కీ."

"ఎందుకంట?"

పైడమ్మ కింద వరుస చదివింది. కళ్లజోడు లేదని చెప్పబోయింది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

సుక్కే చెప్పింది. కారణం అడిగితే సచివ్ నవ్వాడట. నీకు కిరందుల్ బస్తీలో ఎనిమిది గదుల పక్కా ఇల్లుండగా మళ్లీ గరీబు ఇల్లు ఎందుకమ్మా అన్నాడట. కంప్యూటర్‌లో వచ్చిందట, ఆధార్ కొట్టగానే. అక్కడున్నవాళ్లంతా నవ్వారట. ఆమె కూడా నవ్విందట.

"ఒక్క గోడ నిలబడని దానికి ఎనిమిది గదులంట అక్కా," అంది సుక్కి. చెబుతూ మళ్లీ నవ్వింది. "నేనన్న, ఆ కంప్యూటర్‌కు కల్లు తాపిచ్చిన్రా ఏంది అని."

ఎవరూ నవ్వలేదు. సుక్కి అది గమనించలేదు. పనసకాయ పీట కిందికి దొర్లించి, నాలుగు రోజుల అంట్లు చూసి నాలుక కరుచుకుని, కుళాయి దగ్గర కూర్చుంది.

ముందుగదిలో ముగ్గురూ నిలబడిపోయారు. మాట్లాడుకోవాలి, కానీ ఈ ఇంట్లో దాచి మాట్లాడుకోవడానికి భాషే లేదు. తెలుగు సుక్కి పుట్టిన ఊరి పక్క భాష. హిందీ బజారు భాష. గోండీ, దోర్లీ, హల్బీ ఆమెవే. ఏ భాషలో గుసగుసలాడినా ఆ కుళాయి దగ్గర కూర్చున్న మనిషికి అర్థమవుతుంది. అన్ని భాషలొచ్చిన మనిషిని, చదవలేకపోవడం అన్న ఒక్క సందులోంచి మోసం చేశారు.

చిన్నా తల్లి దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు.

"సాయంత్రం షిఫ్టు దిగి వచ్చేలోగా మీరు చెప్పాలి. లేకపోతే నేను చెప్తాను."

"చెప్తే ఇల్లు పోతాది నాయనా."

"చెప్పకపోతే ఆమెది పోతోందమ్మా."

వాడు తల్లి మొహం చూడలేదు. కుళాయి దగ్గర ఆగి, సుక్కి తలమీద పడిన సబ్బు నురగను వేలితో తీసేసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

*

సుక్కి పని ముగించుకుని వెళ్లాక సత్యమూర్తి గోడ వదిలి ఇటు తిరిగాడు. మూడు రోజుల గడ్డం. కళ్లు లోపలికి పోయాయి. తనకంటే ఏడేళ్లే పెద్ద అయిన ఈ మనిషి ఇంత ముసలివాడు ఎప్పుడైపోయాడో పైడమ్మకు తెలియలేదు.

అతను ట్రంకు పెట్టె తెరిచి రెండు కాయితాలు తీశాడు. స్టాంపు కాయితాలు. పైన ముద్ర తప్ప ఒక్క అక్షరం లేదు. వాటితో పాటు, మందుల డబ్బా అంత నీలం సిరా పెట్టె.

సుక్కి వేలిముద్ర రిజిస్ట్రీ రోజునే తీసుకోవలసింది, తొందరలో మరచిపోయాడట. ఆ కాయితం మీద సుక్కి వేలిముద్ర ఉంటే, డబ్బు తనదేనని, కిరాయి తనదేనని, అడిగినప్పుడు ఇంకో ఆదివాసీ పేరున మార్చి ఇస్తుందని తరవాత వకీలు రాయించుకుంటాడట. చక్రధరరావు దగ్గర కూడా భీమాది అలాంటిదే ఉండేదట. ఇంకొకరి పేరున మారిస్తే సుక్కి పేరు ఖాళీ అవుతుంది, ఆమె సర్కారు ఇల్లు ఆమెకు వస్తుంది, మన గదులు మనకు ఉంటాయి. ఎవరికీ నష్టం లేదు. అతను మెల్లగా, లెక్క అప్పజెప్పే పిల్లాడిలా చెప్పాడు.

"ఆ ఇంకొకరు ఎవరు?" అంది పైడమ్మ.

"దొరుకుతారు."

"ఆ ఇంకొకరికీ గోడ కూలితే?"

సత్యమూర్తి సిరా పెట్టెను ఆమె వైపు జరిపాడు. "నువ్వెల్లి అడిగితే ఏస్తాది పైడీ," అన్నాడు. "నానడిగితే ఎందుకంటాది. నువ్వడిగితే అనదు."

అదే నిజం.

పైడమ్మ దేవుడి పటం ముందు నిలబడింది గానీ ఏం మొక్కాలో తోచలేదు. సుక్కికి తెలియకూడదని మొక్కితే పాపం. తెలియాలని మొక్కితే ఆగస్టు ముప్పై ఒకటి. క్వార్టరు ముందు సామాన్లు, తాళం లేని తలుపు, నడుం పట్టీ కట్టుకున్న భర్త, ఎవరి వాకిట్లోనో వాన. సుక్కి కాదంటే పోలీసులు. అవునంటే దేవుడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆమె ఆ రెంటి మధ్యా కాదు, నూతి లోపలే ఉంది. పైనుంచి ఎవరో మట్టి పోస్తున్నారు.

చిన్నా వచ్చేసరికి ఆరవుతుంది. గడియారం రెండు చూపిస్తోంది.

ఆమె సంచి తీసుకుంది. కొత్త చీర ఒకటి అడుగున పెట్టింది. పైన కాయితాలు, సిరా పెట్టె. వాటి మీద తువ్వాలు. సత్యమూర్తి అన్నం కంచం తన ముందుకు లాక్కున్నాడు. రెండు పూటల తరవాత మొదటి ముద్ద నోట పెట్టుకోవడం ఆమె చూసింది. ఆ ముద్ద చూసే వెళ్లింది.

*

బస్తీ దారిలోనే లైను ఉంది. పైడమ్మ చూడకూడదనుకుంది. చూసింది.

నీలం సున్నం కొట్టిన ఎనిమిది తలుపులు, ఒకే రేకుల కప్పు. చెప్పులున్నాయి. ఒకటో గది ముందు మగ జత, ఆడ జత. రెండో గది ముందు పిల్లలవి కూడా. భర్త నేర్పిన చదువే, ఆమెకూ వచ్చేసింది. మూడో గది తీగ మీద బట్టలు చూసి ఆగిపోయింది. బనీన్లు తెల్లగా ఉన్నాయి. ఆరో గది ముందూ తెలుపే. పంపు దగ్గర బిందె నింపుకుంటున్న అమ్మాయిని అడిగితే, ఒకటో తారీఖు నుంచి కాంట్రాక్టు మారిందని, కొత్త కాంట్రాక్టరు సొంత మనుషుల్ని తెచ్చుకున్నాడని చెప్పింది. ఇంకా ఇద్దరు ముగ్గురు కూడా ఊళ్లకు పోతారేమో అంది.

ఇంత పాపం మూటగట్టుకుని కొన్న గదులకు ఈ నిలకడ కూడా లేదా అనుకుంది పైడమ్మ. భర్తకు చెప్పకూడదనుకుంది. ఇప్పుడిప్పుడే ముద్ద నోట పెట్టాడు.

సుక్కి ఇల్లు కాలనీ గోడ దాటి, వాగు దిగి, ఎక్కితే వచ్చే పల్లెలో. ఆమె మొగుడు బుధ్రా పోయి ఆరేళ్లయింది. కోడలు, ఇద్దరు మనవలు, ఒక మేక. కిందటేడు భాద్రపదంలో పడమటి గోడ కూలింది. గోడ ఉండాల్సిన చోట నీలం పరదా కట్టారు. దాన్ని గాలి లోపలికి ఉబ్బిస్తోంది, మళ్లీ బయటికి లాగుతోంది. ఇల్లు ఊపిరి పీలుస్తున్నట్టుంది. ఆకాశం తూర్పున నల్లబడుతోంది.

అక్క తన ఇంటికి రావడం ఇరవై రెండేళ్లలో రెండోసారి. మొదటిసారి బుధ్రా పోయినప్పుడు. సుక్కి గాభరా పడి మంచం దులిపింది, మేకను అవతలికి తోలింది, ఆకు దొన్నెలో తునికి పళ్లు పెట్టింది. పైడమ్మ ఒక పండు తీసుకుని చేతిలోనే పట్టుకుంది.

సుక్కి ఎదురుగా గొంతుక్కూచుని, దారంతా ఆలోచించానని చెప్పింది. సోమవారం పంచాయతీలో పెద్ద సాబ్‌లు వస్తారట. జాబితాలో తప్పులుంటే అక్కడే చెప్పుకోవచ్చట. కంప్యూటర్‌లోకి ఆ ఇల్లు ఎక్కింది రిజిస్ట్రీ ఆఫీసు నుంచేనట. అక్కడికి తాను జన్మలో ఒక్కసారే వెళ్లిందట. అదీ తనకోసం కాదు.

"సాబ్‌కు గవాహీ ఇయ్యనీకె పోయిన. నువ్వే తోలిస్తివి గద అక్కా, పచ్చ చీర కట్టి. ఆ ముద్రే వాళ్లు తికమక చేసి నా పేరు మీద ఎక్కిచ్చిన్రు. అంతకన్న ఏముంటది?"

పైడమ్మ చేతిలో తునికి పండు నలిగింది.

"అందుకే సోమవారం నువ్వు రావాలె. నా మాట ఆళ్లు నమ్మరు. కాలనీ అమ్మవి, చదువుకున్నదానివి, నువ్వు చెప్తే నమ్ముతరు. ఈమెకు ఏ ఇల్లూ లేదు, ఉన్నది ఈ పరదానే అని చెప్పు. నేను సాబ్‌కు గవాహీ ఇచ్చిన. నువ్వు నాకు గవాహీ ఇయ్యి అక్కా."

తొలి చినుకులు పరదా మీద పడ్డాయి. లోపల చిన్న మనవడు నిద్రలో కదిలాడు. కోడలు లేచి, అలవాటైన చేతులతో వాడి చాపను పరదాకు దూరంగా లాగింది.

చెప్పేద్దామనుకుంది పైడమ్మ. మాట గొంతు దాకా వచ్చింది. ఆ ఇల్లు నీదే సుక్కీ, ఆ ఎనిమిది గదులూ నీవే. అంటే చాలు. రెండు ముక్కలు. వాటి వెనకే భర్త నోటి దగ్గరి ముద్ద కనిపించింది. ముప్పై నాలుగేళ్ల నడుం కనిపించింది. తెల్ల బనీన్లు కనిపించాయి. మాట వచ్చిన దారినే వెనక్కి పోయింది.

"తువ్వాలు తడుస్తదక్కా," అంటూ సుక్కి సంచిని చినుకులు పడని చోటికి జరపబోయింది. తువ్వాలు జారింది. స్టాంపు కాయితాలు కనిపించాయి. వాటి మీద సిరా పెట్టె.

సుక్కి వాటి వైపు చూసింది. పైడమ్మ వైపు చూసింది. పైడమ్మ గుండె ఆ క్షణంలో ఆగిపోయినా బాగుండేది.

"ఏంది అక్కా, సాబ్‌కు మల్ల గవాహీ కావాల్నా?"

పైడమ్మ అవుననలేదు, కాదనలేదు.

సుక్కి ఇంకేమీ అడగలేదు. సిరా పెట్టె మూత తనే తీసింది. ఎడమ చేతి బొటనవేలిని కొంగుకు శుభ్రంగా తుడుచుకుంది, అక్క కాయితం మీద మట్టి అంటకూడదని. సిరాలో అద్ది, వేలు గాలిలో ఆపి, ఖాళీ కాయితం వైపు, ఆ పైన పైడమ్మ మొహం వైపు చూసింది.

"ఎక్కడ పెట్టాలె, చూపియ్యి అక్కా."